మిస్ట్ దగ్గర ఇరవై ఆరు నిమిషాలు

గురువారం

మధ్యాహ్నం నుంచి హాలు నిండా జిప్ కవర్లే. పన్నెండు మందికి తలా మూడు, మొత్తం ముప్పై ఆరు. ఒక్కో కవర్లో ఒక జత పరుగు బట్టలు, సాక్సులు, చిన్న తువ్వాలు. పైన పేరు, అది ఎన్నో పరుగుకో ఆ అంకె. ఇది అక్క పెట్టిన నియమం. చెమట బట్టలు విప్పి అదే కవర్లో వేసి మూసేస్తే వ్యాన్‌లో వాసన రాదు. చీకట్లో సాక్సుల కోసం సంచి మొత్తం తిరగేయాల్సిన పనీ ఉండదు. ఆరుగురు ముప్పై గంటలకు పైగా ఒకే వ్యాన్‌లో బతకాలంటే ఇలాంటివి ముందే చూసుకోవాలి.

రేపు తెల్లవారుజామున మేం మొదలుపెట్టబోయేది హుడ్ టు కోస్ట్. అమెరికాలోని ఓరెగాన్ రాష్ట్రంలో మౌంట్ హుడ్ మీద మొదలై, పసిఫిక్ తీరాన సీసైడ్ అనే ఊళ్ళో ముగిసే రిలే పరుగు. దూరం దాదాపు 199 మైళ్ళు, అంటే 320 కిలోమీటర్లు. 1982లో బాబ్ ఫుట్ అనే రన్నర్ ఎనిమిది జట్లతో దీన్ని మొదలుపెట్టారు. ఇప్పుడు ఆగస్టు చివర్లో వెయ్యికి పైగా జట్లు వస్తున్నాయి. చోటు కోసం లాటరీలో పేరు రావాలి. మాకు రెండేళ్ళు రాలేదు, మూడో ఏడు వచ్చింది. ఆ కబురు తెలిసిన రోజు అక్క ఆఫీసు నుంచే ఫోన్ చేసి, "నాన్నను కూడా రమ్మందాం" అంది. అప్పటిదాకా నాకు ఆ ఆలోచనే రాలేదు.

పద్ధతి చెప్తాను. దారి మొత్తాన్ని 36 లెగ్‌లుగా విడగొట్టారు. ఒక్కోటి నాలుగు మైళ్ళ నుంచి ఏడు, ఏడున్నర మైళ్ళ దాకా ఉంటుంది. జట్టులో పన్నెండు మంది ఒకరి తర్వాత ఒకరు పరిగెత్తుతారు. పన్నెండో మనిషి అయ్యాక మళ్ళీ మొదటి మనిషి. అలా ఒక్కొక్కరికీ మూడు లెగ్‌లు. ఆరుగురు ఒక వ్యాన్‌లో, ఆరుగురు ఇంకో వ్యాన్‌లో. ఒక వ్యాన్ వాళ్ళు పరిగెత్తుతుంటే రెండో వ్యాన్ వాళ్ళు తిని, కాస్త కునుకు తీసి, ముందుకెళ్ళి కాచుకుంటారు. చేయి మారే చోటును ఎక్స్‌ఛేంజ్ అంటారు. చేతిలో కర్ర ఉండదు. మణికట్టు మీద తట్టగానే చుట్టుకునే పట్టీ ఒకటి ఇస్తారు. కొండ మీద నుంచి సముద్రం దాకా అది ముప్పై అయిదు సార్లు చేయి మారాలి.

ఎవరిది ఎన్నో స్థానమన్నది ఇంట్లో నెల రోజుల చర్చ. అన్ని స్థానాలూ ఒకటి కావు. కొందరికి మూడు లెగ్‌లూ కలిపి పదమూడు, పద్నాలుగు మైళ్ళే వస్తాయి, కొందరికి ఇరవైకి దగ్గర పడుతుంది. ఎక్కుడు ఎక్కువున్న అయిదో స్థానం తమ్ముడు తీసుకున్నాడు. దిగుడుకు నా మోకాళ్ళు తట్టుకుంటాయని నాకు మొదటి స్థానం ఇచ్చారు. నాన్న తనంతట తానే పన్నెండో స్థానం అడిగారు. "చివరి లెగ్ సముద్రం దగ్గర అయిపోతుందట కదా" అన్నారు, అంతే.

నాన్నకు 68 ఏళ్ళు. రిటైరయ్యాక, అరవై దాటాక పరుగు మొదలుపెట్టారు. నడకకని వెళ్ళి, ఒకరోజు రెండు కరెంటు స్తంభాల మధ్య పరిగెత్తి చూశారట. మర్నాడు మూడు స్తంభాలు. ఇప్పుడు ఆగకుండా పది కిలోమీటర్లు వెళ్తారు. వేగం తక్కువే, కానీ మొదటి మైలుకు ఎంత సమయం తీసుకుంటారో చివరి మైలుకూ అంతే తీసుకుంటారు. పన్నెండు మందిలో నా లెక్క తప్పని మనిషి ఆయనొక్కరే.

లెక్కల పని నాది. ప్రతి ఒక్కరి పది కిలోమీటర్ల సమయం తీసుకుని, ఏ లెగ్‌లో ఎంత ఎక్కుడు, ఎంత దిగుడు ఉందో చూసి, ఎవరు ఏ ఎక్స్‌ఛేంజ్‌కి ఎన్నింటికి చేరతారో పట్టిక వేశాను. సగటున మైలుకు పది నిమిషాలు, మొత్తం ముప్పై మూడు గంటలకు కాస్త పైన. నిర్వాహకులు కూడా ఈ లెక్కను బట్టే బయలుదేరే సమయం ఇస్తారు. నెమ్మదిగా వెళ్ళే జట్లు తెల్లవారుజామున, వేగంగా వెళ్ళేవి మధ్యాహ్నం మొదలుపెడతాయి. మాకు 5:15 ఇచ్చారు. ఆ పట్టిక రెండు కాపీలు తీసి రెండు వ్యాన్లలోనూ అంటించాను.

అమ్మ, తమ్ముడి కొడుకు సాయంత్రమే సీసైడ్ వెళ్ళిపోయారు. అక్కడ రెండు రాత్రులకు ఇల్లు అద్దెకు తీసుకున్నాం.

శుక్రవారం

మూడున్నరకు టింబర్‌లైన్ లాడ్జ్ చేరాం. ఆరువేల అడుగుల ఎత్తు. రాతి గోడలు, పెద్ద పెద్ద దూలాలు ఉన్న కట్టడం. ఉద్యోగాలు పోయిన రోజుల్లో పనివాళ్ళకు ఉపాధి కోసం ప్రభుత్వం కట్టించినది. 1937లో అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ వచ్చి అంకితం చేశారు. దాని వెనక మంచు శిఖరం ఉందని తెలుసు, కానీ చీకట్లో ఏమీ కనపడలేదు. నక్షత్రాలు ఆగిపోయిన చోటు నుంచి కొండ మొదలైందని అనుకోవాలి. ఆగస్టు అయినా చలికి వేళ్ళు వంగడం లేదు.

రెండో వ్యాన్ వాళ్ళు ఇంత పొద్దున్నే రావాల్సిన పని లేదు. వాళ్ళ పరుగు పదకొండింటికి. అయినా నాన్న మా వ్యాన్‌లో వచ్చేశారు. మొదలు చూడకుండా చివర ఎలా పరిగెత్తేదన్నారు. నా హెడ్‌ల్యాంప్ బ్యాటరీ, వెనక మెరిసే ఎర్ర లైటు, మీద వేసుకునే మెరుపు వెస్ట్ ఒక్కొక్కటీ ముట్టుకుని చూశారు. రాత్రి పూట ఈ మూడూ లేకుండా ఎవరినీ రోడ్డు మీదికి వదలరు.

మొదటి లెగ్ అంతా దిగుడే. అయిదారు మైళ్ళలో సుమారు రెండు వేల అడుగులు కిందికి వస్తాం. చెప్తే సుఖంగా ఉంటుంది, కానీ వేసిన ప్రతి అడుగుకూ తొడలు బ్రేకు వేయాలి. చిన్న చిన్న అడుగులు, ఒంటిని కాస్త ముందుకు వంచి, మడమ కొట్టకుండా. ఇది తెలిసీ మొదటి రెండు మైళ్ళు నేను వేగంగా దిగేశాను. జనం అరుపులు, చలి, పక్కన పరిగెత్తేవాళ్ళ లైట్లు. కాళ్ళు తేలిపోతున్నట్టుంది. నాలుగో మైలుకు ఆకాశం బూడిద రంగులోకి మారింది. వంపు తిరిగి వెనక్కి చూస్తే కొండ. అప్పటిదాకా నా వెనకే ఉన్నదాన్ని అప్పుడే చూశాను. మంచు అంచున లేత గులాబీ రంగు. ఆగిపోవాలనిపించింది, ఆగలేదు. ఇప్పుడు అనిపిస్తుంది, పది సెకన్లు ఆగి ఉండాల్సింది.

అక్క చేతికి పట్టీ తట్టాను. తను వెళ్ళిపోయింది. వ్యాన్ ఎక్కి కూర్చోబోతుంటే అక్క కూతురు, "పిన్నీ, కూర్చోకు, నడువు" అని చేయి పట్టుకుని లాగింది. తను కాలేజీ జట్టులో పరిగెత్తే పిల్ల. పది నిమిషాలు నడిపించి, అరటిపండు తినిపించి, నీళ్ళు తాగించి అప్పుడు కూర్చోనిచ్చింది. పరుగయ్యాక అరగంటలో ఏదో ఒకటి తినకపోతే తర్వాతి పరుగుకు కాళ్ళలో ఏమీ మిగలదని తన మాట. మూడు లెగ్‌ల మధ్య తేడా వచ్చేది ఇక్కడేనని తర్వాత నాకే తెలిసొచ్చింది.

మిగతా అయిదు లెగ్‌లూ లెక్కకు రెండు మూడు నిమిషాల అటూ ఇటూగా సాగాయి. శాండీ అనే ఊళ్ళో పదకొండు కాకముందే పట్టీ రెండో వ్యాన్‌కి అందింది. మా ఆయన అందుకుని వెళ్ళారు. నాన్న వ్యాన్ మారారు.

అక్కడి నుంచి మాకు అయిదు గంటల ఖాళీ. రిలే గురించి ముందే ఎవరూ సరిగా చెప్పని విషయం ఇదే. ముప్పై మూడు గంటల్లో నేను పరిగెత్తేది మూడు గంటల లోపు. మిగతాదంతా ఎదురుచూడటం. అదీ ఊరికే కూర్చోవడం కాదు. సరైన చోట, సరైన సమయానికి, సరైన బట్టల్లో, నీళ్ళ సీసాతో నిలబడి ఉండాలి. ఒకరు ఒళ్ళంతా అలిసి వచ్చేసరికి రెండో వాళ్ళు గీత దగ్గర చేయి చాచి ఉండాలి. మేం ఆరు నెలలు పరుగు సాధన చేశాం. ఎదురుచూపుకు మాత్రం నేను వేసిన పట్టిక ఒక్కటే ఉంది.

పోర్ట్‌లాండ్‌లో విలామెట్ నది ఒడ్డున చెట్టు కింద దుప్పటి పరిచాం. మూడో స్థానంలో పరిగెత్తే నా స్నేహితురాలు ఉద్యోగం మీద జపాన్‌లో ఏడేళ్ళు ఉంది. ఊళ్ళ మీదుగా వెళ్ళే పొడవాటి రిలేను అక్కడ ఎకిడెన్ అంటారని చెప్పింది. మొదటిది 1917లో, రాజధాని టోక్యోకి మారి యాభై ఏళ్ళయిన సందర్భంగా జరిగింది. క్యోటో నుంచి టోక్యోకి అయిదు వందల కిలోమీటర్లకు పైగా, మూడు రోజులు. చేయి మార్చుకునేది కర్ర కాదు, భుజం మీదుగా వేసుకునే గుడ్డ పట్టీ, తసుకి అంటారు. ఇప్పుడు అన్నిటికంటే పేరున్నది హకోనె ఎకిడెన్. 1920లో మొదలైంది. జనవరి రెండు, మూడు తేదీల్లో విశ్వవిద్యాలయాల జట్లు పరిగెత్తుతాయి. దేశమంతా టీవీల ముందు కూర్చుంటుందట.

అందులో ఒక నియమం ఉంది. మొదటి జట్టు కంటే మరీ వెనకబడితే, తర్వాతి వాడు ఇక కాచుకోకూడదు. వేరే పట్టీ ఇచ్చి పంపించేస్తారు. "ఒక పిల్లాడు తసుకి చేతిలో పట్టుకుని వస్తున్నాడు. ఇంకో కొద్ది దూరమే ఉంది. వచ్చేసరికి ఎవరూ లేరు. అక్కడే మోకాళ్ళ మీద కూలబడ్డాడు" అంది. తను చెప్తున్నంతసేపూ మాలో ఎవరూ మాట్లాడలేదు. పరుగుపందెంలో ఓడిపోవడం నాకు అర్థమవుతుంది. తెచ్చింది అందుకోవడానికి ఎవరూ లేకపోవడం దానికంటే పెద్దదనిపించింది.

నాలుగింటికి ఎక్స్‌ఛేంజ్ గీత దగ్గర నిలబడ్డాను. పాత రైలు మార్గాన్ని కాలిబాటగా మార్చిన స్ప్రింగ్‌వాటర్ కారిడార్ మీదుగా నాన్న రావాలి. ఎండ ముదిరి ఉంది. మైకులో వస్తున్న జట్ల అంకెలు చదువుతున్నారు. మాది వినపడగానే నాకు గుండె దడ మొదలైంది. నాన్న కనపడ్డారు. టోపీ కింద మొహం ఎర్రబడింది, కానీ అడుగు మారలేదు. వచ్చి నా మణికట్టు మీద పట్టీ తట్టి, "నిదానంగా వెళ్ళు" అన్నారు. నా లెక్కకు నలభై సెకన్ల తేడా.

ఆ లెగ్ గురించి చెప్పడానికి పెద్దగా లేదు. నది దాటి, గోదాములు, రైలు పట్టాల పక్కన కాలిన తారు వాసనలో పరుగు. తొడలు అప్పటికే రాళ్ళయ్యాయి. తర్వాతి లెగ్‌లో అక్క వెళ్తుంటే సెయింట్ జాన్స్ వంతెన ఆకుపచ్చ గోపురాలు కనపడ్డాయి, అందంగా ఉన్నాయి. ఆ పైన ముప్పయ్యో నంబరు హైవే వెంట, పక్కనుంచి లారీలు పోతుంటే, ఒకరి తర్వాత ఒకరం చీకటి పడేదాకా.

శుక్రవారం రాత్రి

సెయింట్ హెలెన్స్‌లో సంత మైదానం దగ్గర తొమ్మిదిన్నర లోపే రెండో వ్యాన్‌కి అప్పగించాం. నాన్నకు అప్పుడే పని లేదు. ఆయన వంతు రాత్రి రెండు దాటాక, మిస్ట్ అనే చోటుకు చేరే లెగ్. అక్కడ నేను అందుకోవాలి.

ఇక్కడే నేను తప్పు చేశాను. మిస్ట్ వెళ్ళిపోయి అక్కడే పడుకుందామని అక్క అంది. ఇక్కడ మైదానంలో చోటుంది, టాయిలెట్లు దగ్గర, రెండు మూడు గంటలు నడుం వాల్చి ఒంటిగంటకు బయలుదేరితే సరిపోతుందని నేనన్నాను. పట్టిక చూపించాను. నాన్న 3:05కి వస్తారని అందులో ఉంది. దారి గంట లోపే. అందరూ సరేనన్నారు. నా లెక్కలు పొద్దున్నుంచీ తప్పలేదు కదా.

గడ్డి మీద స్లీపింగ్ బ్యాగుల్లో వందల మంది. ఎవరి గురకలు వారివి. నాకు నిద్ర పట్టిందో లేదో తెలియదు.

ఒంటిగంటకు బయలుదేరాం. కోస్ట్ రేంజ్ కొండల్లోకి వెళ్ళగానే ఫోన్లలో సిగ్నల్ పోయింది. ఇది ముందే తెలుసు. తెలియనిది రోడ్డు సంగతి. ఇరుకు రోడ్డు, ముందు వ్యాన్ల ఎర్ర లైట్లు ఒకదాని వెనక ఒకటి, వంపు తిరిగినా అవే లైట్లు. వెయ్యి జట్లలో నా లాగే లెక్క వేసుకున్న వాళ్ళందరూ ఒకే సమయానికి ఒకే చోటికి పోతున్నారు. పది అడుగులు కదిలి ఆగుతున్నాం. రెండున్నర. రెండూ నలభై. తమ్ముడు ఏమీ మాట్లాడకుండా నడుపుతున్నాడు. వ్యాన్‌లో ఎవరూ గడియారం వంక చూడనట్టు చూస్తున్నారు.

మూడు దాటింది. లైట్ల వరస కదలడం లేదు. అప్పుడు ఎదురుగా దిగి వస్తున్న ఒక వాలంటీరు, ఎక్స్‌ఛేంజ్ ఇంకా మైలున్నర ఉందని చెప్పాడు. నేను వెస్ట్ వేసుకుని, హెడ్‌ల్యాంప్ పెట్టుకుని, జాకెట్ పైనే తొడుక్కుని దిగిపోయాను. అక్క కిటికీలోంచి చేయి చాచి నా భుజం నొక్కింది.

పొగమంచు దట్టంగా పట్టింది. లైటు వేస్తే ఎదురుగా తెల్లగోడ తప్ప ఏమీ కనపడదు. పరిగెత్తేవాళ్ళ కాళ్ళు లేపిన దుమ్ము కూడా ఆ వెలుగులో తేలుతోంది. వ్యాన్ల పక్కనుంచి గడ్డి అంచు మీద పరిగెత్తాను. దిగుడు కొట్టిన తొడలు మొదటి నాలుగు వందల మీటర్లు అసలు మాట వినలేదు.

నేను హాస్టల్లో చదివే రోజుల్లో సెలవులకు ఇంటికి రాత్రి బస్సులో వచ్చేదాన్ని. బస్సు ఎప్పుడూ సమయానికి రాదు. రెండు గంటలు, మూడు గంటలు ఆలస్యం. ఫోన్లు లేవు. ఏ రోజూ నేను దిగేసరికి నాన్న లేకపోవడం జరగలేదు. ఎప్పటి నుంచి నిలబడ్డారని నేను అడగలేదు కూడా. ఆ మైలున్నరలో ఇది గుర్తొచ్చింది. గుర్తొచ్చాక ఇంకా వేగంగా పరిగెత్తాను.

ఎక్స్‌ఛేంజ్ లైట్లు కనపడే ముందే మైకు వినపడింది. మా జట్టు అంకె. కాసేపటికి మళ్ళీ మా జట్టు అంకే. తర్వాతి రన్నర్ ఎక్కడున్నా రావాలని పిలుస్తున్నారు.

జనంలో తోసుకుంటూ గీత దగ్గరికి వెళ్ళాను. నాన్న అక్కడున్నారు. తడిసిన బనీను, పొట్టి నిక్కరు. పట్టీ మణికట్టు మీద లేదు, చేత్తో పట్టుకుని ఉన్నారు, నేను రాగానే ఇవ్వడానికి. రెండో వ్యాన్ కూడా అదే వరసలో మా వెనకెక్కడో ఇరుక్కుంది. ఆయనకు దుప్పటి, మంచినీళ్ళు ఇచ్చేవాళ్ళు కూడా మా వాళ్ళలో ఎవరూ లేరు. వాలంటీరు ఎవరో మెరుపు కాగితంలా ఉండే దుప్పటి ఇవ్వబోతే, మా అమ్మాయి ఇప్పుడే వచ్చేస్తుందని తీసుకోలేదట. ఇది నాకు తర్వాత తెలిసింది.

"వచ్చావా" అన్నారు. "ఇదిగో."

2:58కి వచ్చారు. నా పట్టిక కంటే ఏడు నిమిషాలు ముందు. నేను చేరింది 3:24కి. ఇరవై ఆరు నిమిషాలు.

"నాన్నా, చాలాసేపు..." అని మొదలుపెట్టాను. "వెళ్ళు ముందు, టైమ్ పోతోంది" అన్నారు. జాకెట్ విప్పి ఆయన భుజాల మీద వేశాను. పట్టీ తట్టారు. ఆ వేళ్ళు మంచు ముక్కల్లా ఉన్నాయి. పరిగెత్తాను. వంద మీటర్లు వెళ్ళాక వెనక్కి తిరిగి చూస్తే, నా జాకెట్ వేసుకుని ఆ పొగమంచులో మళ్ళీ ఒక్కరే నిలబడి ఉన్నారు. ఈసారి వ్యాన్ కోసం.

శనివారం

మూడో లెగ్ అందరికీ కష్టమే. మొదటి మైలు కాళ్ళు మనవి కావు. తర్వాత కీళ్ళు వేడెక్కి ఏదో ఒక నడక కుదురుతుంది. నాకు అప్పటికే మైలున్నర అయిపోయింది కాబట్టి ఆ బాధ తప్పింది. 202 నంబరు రోడ్డు, రెండు వైపులా చెట్లు, పైన ఆకాశం సన్నని చీలికలా ఉంది. ముందు దూరంగా ఒక ఎర్ర లైటు మెరుస్తూ ఉంటే దాన్నే పట్టుకుని వెళ్ళాను. పక్కన ఎవరూ లేరు. నా అడుగుల చప్పుడు, నా ఊపిరి. మామూలుగా అలాంటి పరుగంటే నాకు ఇష్టం. ఆ రాత్రి మాత్రం మనసు ఆ గీత దగ్గరే ఉండిపోయింది.

అక్కకు పట్టీ ఇచ్చాక వ్యాన్ వెనక సీట్లో కూర్చుని ఏడ్చాను. తమ్ముడు నీళ్ళ సీసా అందించి, "రెండో వ్యాన్ నువ్వెళ్ళిన పావుగంటకే చేరిందక్కా, వస్తూ చూశాం. నాన్న హీటర్ ముందు కూర్చున్నారు" అన్నాడు. నిద్రపోవడానికి ముందు ఆ పట్టికను కిటికీ మీద నుంచి తీసేశాను.

తెల్లారేసరికి జ్యువెల్ దగ్గరున్నాం. అక్కడ ఎల్క్ అనే పెద్ద జింకల మందల కోసం విడిచిపెట్టిన గడ్డి మైదానాలున్నాయి. పొగమంచు నేల మీద మోకాలెత్తున పరుచుకుని, దాని పైన ఎల్క్‌ల వీపులు, తలలు తేలుతున్నాయి. అక్క కూతురు ఆ పక్కనుంచే పరిగెత్తింది. అప్పటికి తను ఇరవై నాలుగు గంటల్లో రెండు గంటలైనా నిద్రపోలేదు. అయినా అడుగు ఎంత తేలిగ్గా పడుతోందో! ఎక్స్‌ఛేంజ్‌లో దిగగానే, "పిన్నీ, చూశావా వాటిని?" అంటూ నన్ను గట్టిగా పట్టుకుంది. ఎంతసేపు వదల్లేదో, తర్వాతి వాళ్ళు వెళ్ళిపోయారని అక్క గుర్తు చేయాల్సి వచ్చింది.

తొమ్మిదింటికి మా ఆరుగురి పని అయిపోయింది. రెండో వ్యాన్‌కి చివరిసారి పట్టీ ఇచ్చే చోట నాన్నను చూశాను. నా జాకెట్ ఇంకా ఒంటి మీదే ఉంది. నిద్ర పట్టిందా అంటే, బాగా పట్టిందన్నారు. బావ వెనక నుంచి కాదన్నట్టు తల ఊపారు. "మావయ్యగారు కళ్ళు మూసుకోనే లేదు. మా అందరికీ ఎప్పుడు ఎవరి వంతో చెప్తూ కూర్చున్నారు."

సీసైడ్ చేరి, స్నానాలు చేసి, అమ్మ పెట్టింది తిని, రెండింటికల్లా ప్రామ్ మీద నిలబడ్డాం. సముద్రం ఒడ్డున మైలున్నర పొడవున ఉన్న సిమెంటు బాటను అక్కడ ప్రామ్ అంటారు. ఎవరూ పడుకోలేదు. అక్క పడుకోమని చెప్పినా నేను వినలేదు. గంట ముందే వచ్చి నిలబడ్డాను. గాలికి ఇసుక కళ్ళల్లో పడుతోంది. అమ్మ కుర్చీ వేసుకోనంది. "రెండు రోజులుగా కిటికీ దగ్గర కూర్చునే ఉన్నాను, ఇంక చాలు" అంది.

రెండో వ్యాన్ వాళ్ళు అయిదుగురూ వచ్చి కలిశారు. ఇప్పుడు పదకొండు మందిమి, అమ్మ, బుడతడు. వచ్చే ప్రతి తెల్ల టోపీనీ చూస్తున్నాం. చివరికి ఆ అడుగును ముందుగా పట్టింది అమ్మ. ఇంకా మనిషి మొహం కనపడని దూరంలోనే, "అదిగో మీ నాన్న" అంది.

నాన్న ప్రామ్ మీద నుంచి ఇసుకలోకి దిగారు. మేమందరం ఆయన వెనక కలిశాం. ఇసుకలో కాళ్ళు కూరుకుపోతుంటే చివరి కొద్ది దూరం అందరం కలిసి గీత దాటాం. మొత్తం 33 గంటల 40 నిమిషాలు. మిస్ట్ దగ్గర పోయిన ఇరవై ఆరూ అందులోనే ఉన్నాయి. మెడలో పతకం వేస్తే నాన్న చిన్నపిల్లాడిలా దాన్ని అటూ ఇటూ తిప్పి చూసుకున్నారు. తర్వాత బూట్లు విప్పి ప్యాంటు మడుచుకుని నీళ్ళలోకి వెళ్ళి చాలాసేపు అలాగే నిలబడ్డారు.

ఆదివారం

పొద్దున మెట్లు దిగడానికి ఒక్కొక్కరం గోడ పట్టుకున్నాం. నాన్న ఒక్కరే మామూలుగా దిగారు. దగ్గర్లో ఒక వీధిలో రాళ్ళతో కట్టిన పొయ్యి ఉంది. 1806లో, పసిఫిక్ తీరానికి దారి వెతుకుతూ వచ్చిన లూయిస్, క్లార్క్‌ల యాత్రలోని మనుషులు ఇక్కడ వారాల తరబడి సముద్రపు నీళ్ళు మరిగించి, వెనక్కి వెళ్ళే దారికి ఉప్పు తయారుచేసుకున్నారు. దాని గుర్తుగా కట్టింది. నాన్న ఆ బోర్డు మొత్తం చదివారు.

తిరిగి వెళ్ళడానికి అందరూ తిన్నగా ఉన్న హైవే ఎక్కారు. నేను మా ఆయనతో 202 మీదుగా పోదామన్నాను. చుట్టుదారి, అయినా ఆయన ఎందుకని అడగలేదు. అమ్మ, నాన్న వెనక సీట్లో.

పగటి వెలుగులో మిస్ట్‌ను చూస్తే అదే చోటని నమ్మకం కలగలేదు. కోసిన గడ్డి పొలం, దాని మీద వందల టైర్ల జాడలు. దడి పొడుగునా గుంజలు. చుట్టూ కొండలు, ఎంత పచ్చగా ఉన్నాయో. గాలి కూడా లేదు.

కారు ఆపించి దిగాను. నాన్న కూడా దిగారు. "గీత ఎక్కడుంది నాన్నా?" అన్నాను. ఆయన చుట్టూ చూసి, కాస్త ఎడమకు నడిచి, ఒక గుంజ మీద చేయి వేశారు.

"ఇక్కడ. వచ్చాక అయిదు నిమిషాలు నిలబడ్డాను. తర్వాత చలి ఎక్కువైంది. నిలబడితే కాళ్ళు బిగుసుకుపోతాయని అక్క కూతురు చెప్పింది కదా. అందుకని ఈ గుంజ నుంచి ఆ గుంజ దాకా నడిచాను. మైకు వినపడాలి, నువ్వు వస్తే కనపడాలి. అంతకంటే దూరం పోలేదు."

"ఎన్నిసార్లు తిరిగారు?"

"లెక్కపెట్టాను. నలభై రెండు."

ఆయన నడవడం మొదలుపెట్టారు, నాకు చూపించడానికి. పక్కన నేనూ నడిచాను. రెండో గుంజ దగ్గర ఆయన చేత్తో దాన్ని ఒకసారి ముట్టుకుని వెనక్కి తిరిగారు. ఆ రాత్రి కూడా అలాగే ముట్టుకుని తిరిగి ఉంటారు. కార్లోంచి అమ్మ మమ్మల్ని చూస్తోంది, పిలవలేదు.